ఈ-మెయిల్‌లోని లింకు తెరుచుకోకపోతే



ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయంటే మన యానాంలో పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఒకటే హడావుడి. పుదుచ్చేరి ప్రభుత్వ కోటాలో సీటు కావాలంటే చాలా చదువులకు సెంటాక్ ద్వారానే దరఖాస్తు పెట్టాలి. పుదుచ్చేరికీ మనకూ మధ్య ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం. ప్రతి చిన్న పనికీ రైలెక్కి వెళ్లి రాలేం కాబట్టి దరఖాస్తులు కంప్యూటరు మీదే సాగుతున్నాయి. కాలేజీ నుంచి కానివ్వండి, స్కాలర్‌షిప్పు ఇచ్చేవారి నుంచి కానివ్వండి, బ్యాంకు నుంచి కానివ్వండి, కబురు ఈ-మెయిల్‌గా వస్తుంది. అందులో నీలం రంగులో, కింద గీతతో ఒక వాక్యం ఉంటుంది. 'ఇక్కడ నొక్కి వివరాలు ధ్రువీకరించండి, గడువు రేపు సాయంత్రం' అని. నొక్కుతారు. ఏమీ జరగదు. మళ్లీ నొక్కుతారు. ఒక తెల్ల పేజీ వచ్చి నిలబడిపోతుంది. లేదా ఇంగ్లీషులో ఏదో హెచ్చరిక కనబడుతుంది. గడియారం మాత్రం ఆగదు.

ఇలాంటప్పుడు మనకు దొరికే సమాధానం తరచుగా ఒక్కటే: 'సర్వర్ డౌనండీ'. సర్వరు నిజంగా పనిచేయని రోజులూ ఉంటాయి. కానీ లింకు తెరుచుకోకపోవడానికి అదొక్కటే కారణం కాదు. చాలా కారణాలు మన చేతిలోని ఫోనులోనో, మన బల్లమీది కంప్యూటరులోనో ఉంటాయి. వాటిని మనమే సరిచేసుకోవచ్చు. ఎలా సరిచేసుకోవాలో, ఎప్పుడు సరిచేసుకోకుండా వదిలేయాలో ఈ ప్రసంగంలో వివరంగా చెప్పుకుందాం.

ముందు ఒక సంగతి గమనించండి. ఈ-మెయిల్ వేరు, వెబ్ వేరు. రెండూ ఇంటర్నెట్ మీదే నడిచినా పుట్టుక వేరు. ఒక కంప్యూటరు నుంచి మరో కంప్యూటరుకు, వాడేవారి పేరుకూ కంప్యూటరు పేరుకూ మధ్య 'ఎట్' గుర్తు పెట్టి ఉత్తరం పంపే పద్ధతిని 1971లో అమెరికాలో రే టామ్లిన్సన్ అనే ఇంజనీరు తెచ్చారు. వెబ్ ఆలోచనను 1989లో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించారు. ఫ్రాన్సు, స్విట్జర్లాండు సరిహద్దులోని సెర్న్ పరిశోధన కేంద్రం దాన్ని 1993 ఏప్రిల్ 30న అందరూ ఉచితంగా వాడుకునేందుకు విడుదల చేసింది. అంటే వెబ్ కంటే ఈ-మెయిల్ దాదాపు ఇరవై ఏళ్లు పెద్దది. మన దేశంలో 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. సామాన్యులకు ఇంటర్నెట్ ఇచ్చిన కొత్తలో షెల్ అకౌంటు అని ఒకటి ఉండేది. అందులో అన్నీ అక్షరాలే, బొమ్మలు లేవు, నొక్కడాలు లేవు. ఉత్తరంలో వెబ్ చిరునామా ఉంటే దాన్ని చూసి విడిగా టైపు చేసుకోవాల్సిందే. ఉత్తరంలోనే నొక్కి వెబ్ పేజీకి వెళ్లడం ఆ తర్వాత వచ్చిన సౌకర్యం. రెండు వేర్వేరు వ్యవస్థలకు వేసిన అతుకు అది. అతుకు ఉన్నచోటే తెగడం సహజం కదా!

గోదావరి మీద మనవైపు వంతెన రాకముందు యానాం నుంచి యెదుర్లంక వెళ్లాలంటే పంటు ఎక్కాల్సి వచ్చేది. లింకు నొక్కడం కూడా అలాంటి ప్రయాణమే అనుకోండి. ఈ ఒడ్డున ఉన్నది మెయిల్, అందులో రాసి ఉన్న చిరునామా. ఆ ఒడ్డున ఉన్నది వెబ్‌సైటు. మధ్యలో మన చిరునామాను అందుకుని అవతలికి తీసుకుపోయే పంటు పేరు బ్రౌజరు. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ, ఇవన్నీ బ్రౌజర్లే. మనం చేరలేదంటే ఈ ఒడ్డునే దారి తప్పామా, పంటు రాలేదా, అవతలి రేవు మూసి ఉందా? ముందు ఇది తేల్చుకోవాలి. జబ్బు ఏదో తెలియకుండా మందు వేయకూడదు.

తేల్చుకోవడానికి నాలుగు పరీక్షలు చెబుతాను. వాటికంటే ముందు ఒక ప్రశ్న: ఈ మెయిల్ మీరు ఎదురుచూస్తున్నదేనా? మీరు దరఖాస్తు పెట్టిన చోటునుంచే వచ్చిందా? ఎదురుచూడనిది అయితే ఆ లింకు తెరుచుకోకపోవడమే మంచిది. మరమ్మతు ప్రయత్నాలు వద్దు. దీని గురించి చివర్లో మళ్లీ మాట్లాడుకుందాం.

మెయిల్ మీదే, నమ్మకమైనదే అనుకోండి. మొదటి పరీక్ష: నొక్కాక బ్రౌజరు తెరుచుకుందా, లేదా? అసలు ఏ కదలికా లేకపోతే లోపం ఈ ఒడ్డునో, పంటు దగ్గరో ఉంది. బ్రౌజరు తెరుచుకుని అందులో తప్పు సందేశం వచ్చిందంటే పంటు వచ్చినట్టే, చూడవలసింది చిరునామానూ అవతలి రేవునూ. రెండో పరీక్ష: లింకు మీద వేలు అలాగే నొక్కి ఉంచితే కాపీ అనే మాట వస్తుంది. కంప్యూటరులో అయితే మౌసు కుడి మీట నొక్కాలి. అలా కాపీ చేసుకుని, బ్రౌజరు విడిగా తెరిచి, పైన చిరునామా గడిలో అతికించండి. పేజీ వచ్చేస్తే చిరునామా సరైనదే, వెబ్‌సైటూ బాగుంది, మెయిల్‌కూ బ్రౌజరుకూ మధ్యే లంకె తెగింది. మూడో పరీక్ష: అలా అతికించినా రాకపోతే ఆ వెబ్‌సైటు మొదటి పేజీ ఒక్కటే తెరవండి. అది వస్తే చిరునామాలో తప్పుంది, లేదా ఆ లింకుకు గడువు తీరింది. నాలుగో పరీక్ష: మొదటి పేజీ కూడా రాకపోతే మీరు రోజూ చూసే మరో వెబ్‌సైటు తెరవండి. అదీ రాకపోతే మీ నెట్టే లేదు. అది వచ్చి ఇది రాకపోతే అప్పుడు 'సర్వర్ డౌను' అనే మాటను ఆలోచించవచ్చు.

ఇక ఒక్కొక్క చోటా ఏం జరుగుతుందో చూద్దాం.

మొదట ఈ ఒడ్డు, అంటే మెయిల్‌లోని చిరునామా. మెయిళ్లు రెండు రకాలుగా రాస్తారు. రంగులు, బొమ్మలు ఉన్న మెయిల్‌లో కంటికి కనిపించే మాట ఒకటి, దాని వెనుక దాగిన చిరునామా మరొకటి. ఉత్త అక్షరాలతో రాసిన మెయిల్‌లో అలా దాగినదేదీ ఉండదు. చిరునామా ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో మెయిల్ ప్రోగ్రాము ఊహించి, అంత మేరకు నీలం రంగు వేస్తుంది. ఆ ఊహ తప్పితే లింకు తప్పుతుంది.

ఎలా తప్పుతుందంటారా? ఈ-మెయిల్ ప్రమాణాల ప్రకారం ఒక వరుసలో 78 అక్షరాలు దాటకపోవడం మంచిది, 998 మాత్రం అసలు దాటకూడదు. ఈ సలహాను పాటించి కొన్ని ప్రోగ్రాములు పొడవైన వరుసను మధ్యలో విరుస్తాయి. ధ్రువీకరణ లింకులు చాలా పొడుగ్గా ఉంటాయి కాబట్టి అవి రెండు వరుసలుగా విరుగుతాయి. మొదటి వరుస నీలంగా ఉంటుంది, రెండో వరుస మామూలు నలుపులో మిగిలిపోతుంది. మీరు నొక్కేది సగం చిరునామానే. ఒకరి నుంచి ఒకరికి ఫార్వర్డు అవుతూ వచ్చిన మెయిళ్లలో ఇది మరీ ఎక్కువ. ఇలాంటప్పుడు రెండు వరుసలనూ కాపీ చేసి, మధ్యలో ఖాళీ లేకుండా కలిపి, చిరునామా గడిలో అతికించండి. చాలాసార్లు దీనితోనే పని అయిపోతుంది.

మన తెలుగువారికి ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది. దీన్ని ఇంగ్లీషు పుస్తకాలు చెప్పవు. మన భాషలో విభక్తి ప్రత్యయాలు మాట చివర అతుక్కుంటాయి. బడిలో, ఊరికి, ఇంటినుంచి అంటాం కదా. అదే అలవాటుతో మెయిల్‌లో వెబ్ చిరునామా రాసి, దాని చివరనే ఖాళీ వదలకుండా 'లో చూడండి' అని రాసేస్తాం. మెయిల్ ప్రోగ్రాముకు విభక్తి ఏమి తెలుసు? ఆ 'లో' కూడా చిరునామాలో భాగమేననుకుని దాన్నీ కలుపుకుపోవచ్చు. అప్పుడు అలాంటి పేజీ లేదని జవాబు వస్తుంది. బ్రౌజరు చిరునామా గడి చివర చూడండి. ఆ 'లో' తెలుగులోనే కనిపించవచ్చు. లేదా శాతం గుర్తు, ఇంగ్లీషు 'ఈ' అక్షరం, సున్నా, ఇలా మొదలయ్యే తోక ఒకటి కనిపించవచ్చు. కంప్యూటరు లెక్కలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. చిరునామాలో ఒక్కో బైటును శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులుగా రాస్తారు. 'లో' అంటే 'ల' ఒకటి, ఓత్వం ఒకటి. వెరసి మన చిన్న 'లో' అక్కడ 18 గుర్తుల తోక అవుతుంది. ఆ తోక చెరిపేసి మళ్లీ వెళ్లండి, పేజీ వస్తుంది. వాక్యం చివర పెట్టిన చుక్క, కామా, కుండలీకరణం కూడా ఒక్కోసారి ఇలాగే అంటుకుంటాయి.

కాబట్టి మీరు ఎవరికైనా వెబ్ చిరునామా పంపేటప్పుడు దాన్ని ఒక వరుసలో ఒంటరిగా రాయండి. ముందు ఏమీ వద్దు, వెనుక ఏమీ వద్దు, చివర చుక్క కూడా వద్దు. చెప్పదలచుకున్నది కింది వరుసలో చెప్పండి. వందమంది తల్లిదండ్రులకు నోటీసు పంపే బడివారు ఈ ఒక్క జాగ్రత్త తీసుకుంటే వందమంది అవస్థ తప్పుతుంది.

ఈ ఒడ్డునే మరో కారణం: మెయిల్ ఏ అరలో ఉందనేది. అవుట్‌లుక్ వంటి ప్రోగ్రాములు అనుమానాస్పదమైన ఉత్తరాలను జంక్ అనే అరలో వేసి, వాటిలోని లింకులు పనిచేయకుండా కట్టేస్తాయి. అసలైన ఉత్తరాలు కూడా పొరపాటున అందులో పడుతుంటాయి. పంపినవారి చిరునామా సరైనదేనని నిర్ధారించుకున్న తర్వాతే దాన్ని ఇన్‌బాక్సులోకి మార్చుకోండి.

గడువు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పాస్‌వర్డు మార్చుకునే లింకు, ఖాతా ధ్రువీకరించే లింకు సాధారణంగా ఒక్కసారికే పనిచేస్తాయి, అదీ కొంత సమయం లోపలే. మెయిల్ రాలేదని తొందరపడి మళ్లీ పంపు, మళ్లీ పంపు అని మూడుసార్లు నొక్కితే మూడు మెయిళ్లు వస్తాయి. చాలా చోట్ల కొత్తది పుట్టగానే పాతవి రద్దవుతాయి. కాబట్టి అన్నిటికంటే చివర వచ్చినదాన్నే తెరవండి. కొన్ని ఆఫీసుల, కాలేజీల మెయిల్ వ్యవస్థల్లో మరో చిత్రం జరుగుతుంది. లోపలికి వచ్చే ప్రతి లింకునూ అక్కడి భద్రతా ప్రోగ్రాము మనకంటే ముందు తెరిచి పరీక్షిస్తుంది. ఒక్కసారికే పనిచేసే లింకు దాంతోనే ఖర్చయిపోతుంది. మనం నొక్కేసరికి 'ఇది ఇప్పటికే వాడారు' అంటుంది. అలాంటప్పుడు మీ సొంత మెయిల్ చిరునామా ఇచ్చి కొత్త లింకు తెప్పించుకోవడం మేలు.

రెండో చోటు, పంటు రేవు. నొక్కితే ఏమీ జరగని సందర్భం ఎక్కువగా ఇక్కడిదే. ఫోనులో గానీ, కంప్యూటరులో గానీ రెండు మూడు బ్రౌజర్లు ఉండవచ్చు. లింకు వస్తే వాటిలో దేనికి అప్పగించాలో ముందుగా నిర్ణయించి ఉంచుతారు. దాన్నే డిఫాల్ట్ బ్రౌజరు అంటారు. ఇంగ్లీషులో డిఫాల్ట్ అంటే బాకీ ఎగవేయడం అనే అర్థం కూడా ఉంది కాబట్టి ఆ మాట చూసి కంగారుపడేవారున్నారు. ఇక్కడ దాని అర్థం 'వేరే చెప్పకపోతే ఇదే' అని మాత్రమే. ఆ ఏర్పాటు చెడిపోయినా, అప్పగించిన బ్రౌజరును తీసేసినా లింకును అందుకునేవారు ఉండరు.

విండోస్ కంప్యూటర్లలో పాత అవుట్‌లుక్ వాడేవారికి ఒక సందేశం బాగా పరిచయం. ఈ కంప్యూటరుపై ఉన్న ఆంక్షల వల్ల ఈ పని రద్దయింది, మీ నిర్వాహకుణ్ణి సంప్రదించండి అని దాని భావం. అది చదివి ఎవరో తమమీద నిషేధం పెట్టారని అనుకుంటారు. చాలా సందర్భాల్లో నిషేధమూ లేదు, నిర్వాహకుడూ లేడు. ఒక బ్రౌజరును తీసేసినప్పుడు దాని పేరు విండోస్ లెక్కల పుస్తకంలో మిగిలిపోతుంది. మెయిల్ లింకును ఆ లేని బ్రౌజరుకు ఇవ్వబోయి ఇవ్వలేకపోతుంది. దీనికి చికిత్స ఇది: స్టార్ట్ మెనూలో సెట్టింగ్స్, అందులో యాప్స్, అందులో డిఫాల్ట్ యాప్స్ తెరవండి. విండోస్ 11లో అయితే మీకు కావలసిన బ్రౌజరు పేరు ఎంచుకుని పైన ఉన్న సెట్ డిఫాల్ట్ నొక్కండి. విండోస్ 10లో వెబ్ బ్రౌజరు అనే శీర్షిక కింద మార్చుకోండి. ఇప్పటికే సరైన పేరే ఉన్నట్టు కనిపించినా ఒకసారి వేరేదానికి మార్చి, తిరిగి దానికే మార్చండి. ఆ లెక్క కొత్తగా రాసుకుంటుంది.

ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్, బ్రౌజర్ యాప్, ఇదీ వరుస. ఫోను కంపెనీని బట్టి పేర్లు కొంచెం మారతాయి. ఐఫోనులో బ్రౌజరును మనం ఎంచుకునే వీలు 2020లో, ఐ.ఓ.ఎస్. 14 నుంచి వచ్చింది. అంతకుముందు మామూలుగా సఫారీలోనే తెరుచుకునేవి.

ఫోనులో మరో రహస్యం ఉంది. జీమెయిల్‌లో లింకు నొక్కితే ఒక్కోసారి బ్రౌజరుకు పోకుండా, జీమెయిల్ లోపలే చిన్న కిటికీలా పేజీ తెరుచుకుంటుంది. చదువుకోవడానికి అది చాలు. హాల్ టికెట్టు దింపుకోవాలన్నా, ఫోటో ఎక్కించాలన్నా, ఫీజు కట్టాలన్నా అక్కడ చిక్కు వస్తుంది. ఆ కిటికీ మూలనున్న మూడు చుక్కలు నొక్కితే బ్రౌజరులో తెరవమనే మాట ఉంటుంది, దాన్ని నొక్కండి. ఎప్పటికీ ఇలా కాకూడదంటే జీమెయిల్ జనరల్ సెట్టింగ్స్‌లో వెబ్ లింకులను జీమెయిల్‌లోనే తెరవాలనే గడిలోని టిక్కు తీసేయండి. తమ లోపలే వెబ్ పేజీలు చూపడానికి చాలా యాప్‌లకు ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ అనే భాగం ఆధారం. 2021 మార్చిలో దానికి వచ్చిన ఒక లోపభూయిష్టమైన కొత్త రూపం వల్ల ప్రపంచమంతటా చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో జీమెయిల్‌తో సహా ఎన్నో యాప్‌లు తెరవగానే మూసుకుపోయాయి. గూగుల్ సరిచేసిన రూపం విడుదల చేశాక ప్లే స్టోరులో వెబ్‌వ్యూనూ క్రోమ్‌నూ అప్‌డేట్ చేసుకున్నవారికి బాధ తీరింది. కాబట్టి ఈ రెండింటినీ ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకుంటూ ఉండండి.

మూడో చోటు, అవతలి రేవు. బ్రౌజరు తెరుచుకుంది, పేజీ మాత్రం రాలేదు. అప్పుడు వచ్చే సందేశాన్ని మూసేయకుండా చదవండి. అందులో సాధారణంగా మూడంకెల సంఖ్య ఉంటుంది. 404 అంటే అవతలి సర్వరు పలికింది కానీ మీరడిగిన పేజీ అక్కడ లేదు. చిరునామా విరిగిందేమో చూసుకోండి, లేదా వాళ్లే పేజీని తీసేసి ఉంటారు. 403 అంటే పేజీ ఉంది, మీకు అనుమతి లేదు, లాగిన్ అయి ఉన్నారో లేదో చూడండి. 500 అంటే వాళ్ల కంప్యూటరులో లోపం. 503 అంటే ప్రస్తుతం సేవ అందించలేకపోతున్నారు, మరమ్మతు వల్లనో రద్దీ వల్లనో. ఫలితాల రోజున కనిపించేది తరచుగా ఇదే. చివరి రెండింటికీ మీ ఫోనులో చేయవలసిన మరమ్మతు ఏమీ లేదు. క్షణానికొకసారి నొక్కితే రద్దీ పెరుగుతుందే కాని తగ్గదు. అరగంట ఆగి ప్రయత్నించండి, గడువు దగ్గరపడితే ఆ సందేశం ఫోటో తీసి, సమయం వేసి దాచుకోండి. నేను ప్రయత్నించాను అని చెప్పడానికి అదొక ఆధారం.

సంఖ్య లేకుండా, 'మీ సంబంధం సురక్షితం కాదు' అనే అర్థంలో హెచ్చరిక వచ్చిందనుకోండి. ముందుగా మీ ఫోనులో, కంప్యూటరులో తేదీ చూడండి. ప్రతి సురక్షిత వెబ్‌సైటుకూ ఒక ధ్రువపత్రం ఉంటుంది. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందని దానిమీద ఉంటుంది. బళ్లలో, ఇళ్లలో ఏళ్ల తరబడి వాడిన కంప్యూటర్లలో మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోతే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు ఆ కంప్యూటరు లెక్కలో ధ్రువపత్రం ఇంకా పుట్టనే లేదు! తేదీ, సమయం సరిచేస్తే చాలు. రోజూ అదే జరుగుతుంటే ఆ బ్యాటరీ మార్పించండి. చాలా కంప్యూటర్లలో ఉండేది సి.ఆర్. 2032 రకం.

తేదీ సరిగ్గానే ఉన్నా బాగా పాత ఫోన్లలో ఈ హెచ్చరిక రావచ్చు. నమ్మదగిన ధ్రువపత్రాలు ఇచ్చే సంస్థల జాబితా ఫోను తయారైనప్పుడే అందులో పెడతారు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఎన్నో వెబ్‌సైట్లకు ఉచితంగా ధ్రువపత్రాలు ఇస్తోంది. ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాత ఫోన్ల జాబితాలో దాని పేరు లేదు. కొంతకాలం వేరే సంస్థ పూచీతో బండి నడిచింది, ఆ ఏర్పాటు 2024 సెప్టెంబరు 30తో ముగిసింది. ఆ ఫోనులో తెరుచుకోనిది పక్కింటివారి కొత్త ఫోనులో తెరుచుకుంటుంది. అది మీ తప్పూ కాదు, వెబ్‌సైటు తప్పూ కాదు.

పేజీ సగం వచ్చి ఆగినా, లాగిన్ చేస్తే మళ్లీ లాగిన్ అడుగుతున్నా, బ్రౌజరులో రహస్య కిటికీ అంటే ఇన్‌కాగ్నిటో తెరిచి అందులో ప్రయత్నించండి. అక్కడ వస్తే పాత కుకీలో, మీరు చేర్చుకున్న అదనపు ఎక్స్‌టెన్షన్లో అడ్డుపడుతున్నాయన్న మాట. ఆ వెబ్‌సైటు వరకు కుకీలు తుడిచేస్తే సరిపోతుంది. అలాగే వైఫైలో రానిది మొబైల్ డేటాలో వస్తుందేమో చూడండి. వస్తే ఆ వైఫై యజమాని పెట్టిన వడపోత కారణం కావచ్చు. ఇంకొక మాట. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు బ్రౌజరుకు మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న స్వస్తి చెప్పింది. పాత కంప్యూటరులో ఆ నీలం 'ఈ' గుర్తునే ఇంకా నొక్కుతుంటే చాలా పేజీలు రావు. ఎడ్జ్ గానీ, క్రోమ్ గానీ వాడండి.

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన సంగతి. తెరుచుకోని లింకును తెరిపించుకోవాలనే ఆత్రంలోనే మోసగాళ్లు మనల్ని పట్టుకుంటారు. 'లింకు పనిచేయడం లేదా? ఈ యాప్ దింపుకోండి' అంటారు. ఏ కాలేజీ గానీ, ఏ బ్యాంకు గానీ మెయిల్‌లో యాప్ ఫైలు పంపి దింపుకోమనదు. బ్రౌజరు మొత్తం ఎర్రరంగు తెర వేసి ఆపిందంటే అది మోసపు పేజీ అని అనుమానించిందన్న మాట. ఆ తెర తొలగించుకుని ముందుకు పోవద్దు.

చిరునామా అసలైనదో కాదో చదవడం నేర్చుకోవాలి. మన ఊరి తపాలా చిరునామా చూడండి. యానాం పుదుచ్చేరిలో భాగం. అయినా మన పిన్ కోడు 533464. పుదుచ్చేరి నగరం పిన్‌లు 605తో మొదలవుతాయి. కవరు మీద పుదుచ్చేరి అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా ఉత్తరాన్ని గోదావరి గట్టుకు చేర్చేది ఆ 533464 అనే అంకె. వెబ్ చిరునామాలోనూ అంతే. ముందున్న పేర్లు ఎవరైనా పెట్టుకోవచ్చు. దారి నిర్ణయించేవి చివరి మాటలు. హెచ్.టి.టి.పి.ఎస్. తర్వాత రెండు ఏటవాలు గీతలు ఉంటాయి. వాటి తర్వాత వచ్చే మొదటి ఒంటి గీత దగ్గర ఆగి, అక్కడినుంచి వెనక్కి, కుడినుంచి ఎడమకు చదవండి. పుదుచ్చేరి ప్రభుత్వ వెబ్‌సైటు పి.వై. డాట్ గవ్ డాట్ ఇన్. గవ్ డాట్ ఇన్ అనే తోక ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. మొదట్లో గవ్ డాట్ ఇన్ అని కనిపించినా, వెంటనే ఒక హైఫనో చుక్కో పెట్టి ఇంకేవో మాటలు చేర్చి డాట్ కామ్‌తో ముగిస్తే అది ప్రభుత్వానిది కాదు. బ్యాంకుల విషయంలో రిజర్వు బ్యాంకు మరో మంచి ఏర్పాటు చేసింది. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోగా బ్యాంక్ డాట్ ఇన్ అనే తోకకు మారాలని ఆదేశించింది. ఆ పేర్లు నమోదు చేసే బాధ్యత హైదరాబాదులోని ఐ.డి.ఆర్.బి.టి. సంస్థది. బ్యాంకు కానివారికి ఆ తోక దొరకదు.

నొక్కకుండానే చిరునామా చూడవచ్చు. కంప్యూటరులో మౌసు బాణాన్ని లింకు మీద నిలిపితే కింద మూలన అసలు చిరునామా కనిపిస్తుంది. ఫోనులో వేలు నొక్కి ఉంచితే కనిపిస్తుంది. పైకి కనిపించే మాట ఒకటి, వెనుక చిరునామా మరొకటి అయితే ఆ మెయిల్‌ను మూసేయండి. అనుమానమైతే అసలు లింకే వాడకండి. ఆ సంస్థ వెబ్‌సైటును మీరే బ్రౌజరులో తెరిచి లాగిన్ అవ్వండి. నిజంగా పని ఉంటే అక్కడ కనిపిస్తుంది. ఒకవేళ మోసపోయి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

చివరగా నెట్ సెంటర్లలో పని చేయించుకునేవారికి ఒక మనవి. దరఖాస్తు నింపేటప్పుడు తొందరలో సెంటరువారి మెయిల్ చిరునామానే రాయించుకునే అలవాటు వద్దు. మీకు రావలసిన కబురు వాళ్లకు పోతుంది. రోజుకు వంద మెయిళ్లు వచ్చేచోట మీ గడువు ఎవరికి గుర్తుంటుంది? పిల్లవాడి పేరుమీద మెయిల్ ఖాతా తెరిచి, దాని పాస్‌వర్డు ఇంట్లో పుస్తకంలో రాసి పెట్టుకోండి. పాస్‌వర్డు మార్చే లింకు, ధ్రువీకరణ లింకు ఇంటి తాళంచెవిలాంటివి. 'నాకు తెరుచుకోవడం లేదు, మీరు చూడండి' అంటూ వాటిని వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. తెరవగలిగినవాడు మీ ఖాతానే తెరుస్తాడు. సహాయం అడగాలంటే తెలిసినవారికి ఈ వివరాలు చెప్పండి: ఏ ఫోను లేక కంప్యూటరు, ఏ మెయిల్, ఏ బ్రౌజరు, ఇందాకటి నాలుగు పరీక్షల్లో ఏం తేలింది, తెరమీద ఉన్నదున్నట్టుగా ఏమని రాసి ఉంది. ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు, అక్షరాలు చూసి రాసుకోండి. వైద్యుడికి రోగ లక్షణాలు సరిగా చెబితే సగం వైద్యం అయినట్టే.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. గడువు చివరి రోజు సాయంత్రం దాకా ఆగకండి. లింకు రాగానే అదే రోజు నొక్కి చూడండి. పనిచేయకపోతే కారణం వెతకడానికి వ్యవధి ఉంటుంది, కాలేజీకి ఫోను చేయడానికి వ్యవధి ఉంటుంది, మరో లింకు తెప్పించుకోవడానికీ వ్యవధి ఉంటుంది. పుదుచ్చేరికి దూరంగా ఉన్న మన పిల్లలకు ఆ ఒకటి రెండు రోజుల వ్యవధే ఒక్కోసారి ఒక సీటు విలువ చేస్తుంది.